నీడలో ఆరిన పలకే నిలుస్తుంది

మొద్దును నిలువునా కోసి తీసిన వెడల్పాటి పలక వంకర పోకుండా, నెర్రెలు విచ్చకుండా తిన్నగా ఎలా ఆరాలి? ఈ పూట మన మాట దాని గురించే. వడ్రంగం చేసే అన్నలకు ఇది రోజూ ఎదురయ్యే పని. ఇంట్లోకి బల్లో, తలుపో, మంచమో చేయించుకునేవారు కూడా తెలుసుకోవాల్సిన సంగతి.

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని వస్తే ముప్పై కిలోమీటర్ల దూరంలో మన ఇబ్రహీంపట్నం. కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు, దాని కింద వరి, మెట్ట మీద జొన్న, ఆముదం, గట్ల మీద వేప, తుమ్మ, చింత. పాతకాలం వాళ్లకు గుర్తున్న ఇబ్రహీంపట్నం అది. ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక, ఆదిబట్ల వైపు కంపెనీలు వచ్చాక పొలాలు ప్లాట్లయ్యాయి. ఇళ్లు లేచేచోట చెట్లు ఒరుగుతున్నాయి. తాతల నాటి వేపచెట్టు మొదలు కోత మిషను దగ్గరికి చేరితే దానికి రెండే దారులు. ఒకటి పొయ్యిలోకి, రెండోది పలకగా మారి ఇంకో రెండు తరాలు బతకడానికి. ఆ రెండో దారి పట్టించాలంటే చెక్కను ఆరబెట్టడం తెలియాలి.

ఈమధ్య ఒకే పలకతో చేసిన భోజనాల బల్లలకు గిరాకీ పెరిగింది. రెండడుగులు, మూడడుగుల వెడల్పు, రెండంగుళాల మందం, అంచు చెట్టుకున్నట్టే ఉండాలి. చూడ్డానికి ఎంతో అందం. కానీ ఇంటికి చేరాక మొదటి ఎండాకాలం గడిచేసరికి ఆ బల్ల ఒక మూల లేస్తుంది, లేదా నడుమ నెర్రె విచ్చుతుంది. ఇంటివాళ్లు వడ్లాయనను తప్పు పడతారు. వడ్లాయన కర్రను తప్పు పడతాడు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పలక తిన్నగా ఉంటుందా, వంగుతుందా అన్నది చిత్రిక పట్టేనాడు తేలేది కాదు, అంతకు ముందు నెలల తరబడి అది పేర్పులో ఎలా ఆరిందో అక్కడే తేలిపోతుంది.

ముందు కర్రలో నీళ్ల సంగతి చూద్దాం. పచ్చి కర్రలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. కొన్ని నీళ్లు కణాల లోపలి ఖాళీల్లో ఉంటాయి. కొన్ని నీళ్లు కణాల గోడల్లోనే ఇంకి ఉంటాయి. ముందుగా ఖాళీల్లోని నీళ్లు పోతాయి. అవి పోతున్నంతసేపూ కర్ర బరువు తగ్గుతుంది కానీ కొలత మారదు. తేమ 28, 30 శాతం దగ్గరికి దిగాక గోడల్లోని నీళ్లు పోవడం మొదలవుతుంది. అప్పుడు కర్ర కుంచించుకుపోతుంది. ఆరేటప్పుడు వచ్చే వంకరలు ఎక్కువగా పుట్టేది ఆ తర్వాతే.

కుంచించుకుపోవడం అన్ని వైపులా ఒకేలా ఉంటే చిక్కు లేదు. పొడవునా కర్ర దాదాపు కదలదు, సాధారణంగా పావు శాతం కూడా తగ్గదు. గుండె నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది. వలయాల వెంబడి అడ్డంగా దానికి సుమారు రెట్టింపు తగ్గుతుంది. నెమ్మదైన కర్రగా పేరున్న టేకునే తీసుకోండి. పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా గుండె నుంచి బెరడు వైపు రెండున్నర శాతం, వలయాల వెంబడి అయిదు శాతం పైన తగ్గుతుంది. దుంగను ఒకవైపు నుంచి వరుసగా కోసుకుంటూ పోతే పలకకు బెరడు వైపు ముఖం ఎక్కువ కుంచించుకుపోతుంది, గుండె వైపు ముఖం తక్కువ. అందుకే ఎండలో వేసిన అప్పడంలా పలక అంచులు బెరడు వైపుకు లేస్తాయి. గుండె సరిగ్గా నడుమ పడిన పలకైతే నిలువునా చీలుతుంది. ఆ గుండె గీతను కోత దగ్గరే రెండు వైపులా తీసేయడం మంచిది. పలక వెడల్పు తగ్గుతుందని వెనకాడితే ఆ తర్వాత పలకే దక్కదు.

ఇది అన్ని కర్రలకూ ఉన్న గుణం. దీనికి తోడు ఒక్కో చెట్టుకు ఒక్కో తీరు. వేపలో నార ఒక పొరలో ఒకవైపు, పై పొరలో మరోవైపు వాలి అల్లుకుని ఉంటుంది. అందుకే వేప పలక మెలిక తిరుగుతుంది. నీలగిరి కర్రలో చెట్టు పెరిగేటప్పుడే బిగువు నిలవ ఉంటుంది. రంపం దిగీదిగగానే పలక విల్లులా వంగుతుంది, ఆరేటప్పుడు కణాలు లోపలికి కూలి ముఖం ముడతలు పడుతుంది. చింత గట్టి కర్ర, పైముఖం చిట్లుతుంది. దాని తెల్ల చెక్కకు పురుగు తొందరగా పడుతుంది. నల్లమద్ది, తిరుమాను మన అడవుల్లో పేరు పొందిన మొండి కర్రలు. నిద్రగన్నేరు మాత్రం తక్కువగా కుంచించుకుపోతుంది. వెడల్పు పలకలకు దాన్ని ఇష్టపడేది అందుకే. ఏ చెట్టయినా ఒక పక్కకు ఒరిగి పెరిగిన మొదలు, లావుపాటి అడ్డకొమ్మ తీసుకోకండి. ఆ కర్రలో నార బిగువు ఒకే వైపు ఉంటుంది, ఎంత జాగ్రత్త పడినా వంగుతుంది.

కర్ర ఆరడం మీద మన దేశంలో గట్టి పరిశోధనే జరిగింది. డెహ్రాడూన్‌లో 1906లో మొదలైన అటవీ పరిశోధన సంస్థ మన కర్రలను ఒక్కొక్కటిగా పరీక్షించి ఏది ఎలా ఆరుతుందో రాసిపెట్టింది. అక్కడి ఎస్.ఎన్. కపూర్ భారతీయ కలపను గాలికి ఆరబెట్టే పద్ధతుల మీద 1934లో ఒక పుస్తకమే వెలువరించారు. ఆ దారిలోనే భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 1141 అనే నియమావళి ఇచ్చింది. అందులో కర్రలను మూడు తరగతులు చేశారు. బాగా మొండివి, మధ్యరకం, తేలిగ్గా ఆరేవి. నల్లమద్ది మొదటి తరగతి, టేకు రెండో తరగతి. మొండి కర్రలను వానకాలం మొదలవగానే కోయాలని ఆ నియమావళి చెబుతుంది. గాలిలో తేమ ఉన్న నెలల్లో పలక మెల్లగా ఆరడం మొదలుపెడుతుంది కాబట్టి ముఖం చిట్లదు.

ఈ మాట మన ప్రాంతానికి ఎంత అవసరమో చూడండి. ఇక్కడ మే నెల మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతానికి పడిపోతుంది. ఆగస్టులో 70 దాటుతుంది. కర్ర ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో లెక్క సరిచూసుకుంటూనే ఉంటుంది. మే నెల గాలిలోనే ఉంచేస్తే దాని తేమ 6 శాతం దగ్గరికి దిగగలదు. వానకాలం గాలిలో 13, 14 దాకా ఎక్కగలదు. ఏప్రిల్‌లో కోసిన పచ్చి పలకను ఆరుబయట ఎండలో గోడకు నిలబెట్టామనుకోండి. వడగాలికి పైపొర రెండు మూడు రోజుల్లో ఎండిపోతుంది. లోపల మాత్రం ఇంకా నీళ్లే. పైపొర కుంచించుకుపోవాలంటుంది, లోపలి కర్ర దాన్ని ఆపుతుంది. పైపొర చిట్లుతుంది. చిట్లకపోతే సాగిపోయి అలాగే బిగుసుకుంటుంది. తర్వాత లోపలి కర్ర ఆరేటప్పుడు బిగుసుకున్న పైపొర దాన్ని కదలనివ్వదు. అప్పుడు పగుళ్లు లోపలే పుడతాయి. బయటికి కనిపించవు, కోస్తేనే బయటపడతాయి. ఎండలో పెడితే తొందరగా ఆరుతుందన్న ఆశ వల్ల పోయినంత కర్ర చెదల వల్ల కూడా పోలేదేమో.

మరి ఎలా ఆరబెట్టాలి? ఒక్కొక్క మెట్టే చెబుతాను. వీలైనవారు రాసుకోండి.

మొద్దు దొరికిన రోజే, ఇంకా కోయకముందే, రెండు కొసలకూ పూత వేయండి. కర్ర కొసల నుంచి నీళ్లు పక్కల నుంచి పోయేదానికన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతాయి. కొస ముందే ఆరి చీలిందంటే ఆ చీలిక లోపలికి పాకుతుంది. తారు పెయింటు గానీ, కరిగించిన మైనం గానీ, చిక్కటి ఆయిల్ పెయింటు గానీ రెండు పూతలు వేయాలి. ఏదీ అందుబాటులో లేకపోతే పేడ, ఎర్రమట్టి కలిపి మెత్తినా కొంత మేలే.

కోసేటప్పుడు కావలసిన మందానికి అరంగుళం ఎక్కువ పెట్టి కోయించండి. రెండంగుళాల బల్ల కావాలంటే రెండున్నర అంగుళాల పలక. ఆరాక కొంచెం వంగినా చిత్రిక పట్టి తిన్నగా చేసుకునే వెసులుబాటు అదే. బెరడు తీసేయండి. పురుగు దాక్కునేది దాని కిందే.

ఇప్పుడు పేర్పు. పలక తిన్నగా ఆరాలంటే దాని కింద నేల తిన్నగా ఉండాలి. నేల ఎలా వంగి ఉంటే పలక అలా వంగి ఆరుతుంది, అలాగే బిగుసుకుంటుంది. నేల నుంచి అడుగున్నర ఎత్తున ఇటుకలతోనో, షాబాద్ బండ ముక్కలతోనో దిమ్మెలు కట్టండి. నీటిమట్టం గొట్టంతో అన్నీ ఒకే ఎత్తుకు తెచ్చుకోండి. దిమ్మెల మీద అడ్డదూలాలు, వాటి మీద పలకలు. పలకకూ పలకకూ నడుమ అంగుళం మందం బద్దలు పెట్టాలి. ఈ బద్దలు మూడు షరతులకు నిలవాలి. అన్నీ ఒకే మందం ఉండేలా చిత్రిక పట్టి ఉండాలి. బాగా ఎండినవై ఉండాలి, పచ్చి బద్ద పలక మీద మరక వదులుతుంది. కింది బద్ద మీదికే పై బద్ద నిలువు గీతలా రావాలి. పై బద్ద పక్కకు జరిగితే పేర్పు బరువంతా పలక నడుమ పడి దాన్ని వంచుతుంది. వంకర పోయే కర్రలకు బద్దల మధ్య దూరం అడుగున్నర దాటనివ్వకండి. చివరి బద్ద సరిగ్గా పలక కొసకే ఉండాలి. కొస గాలిలో వేలాడితే ముందు వంగేది అదే.

పేర్పు మీద బరువు పెట్టడం మర్చిపోవద్దు. పై వరుస పలకకు ఆపే బరువు లేకపోతే అది ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. బండలు, సిమెంటు దిమ్మెలు, పనికిరాని ఇనుప ముక్కలు, ఏవైనా బద్దలు ఉన్న చోటనే సమంగా పేర్చండి. లారీలకు సరుకు బిగించే బెల్టులు వేసినా మంచిదే. కాకపోతే కర్ర తగ్గేకొద్దీ బెల్టు వదులవుతుంది కాబట్టి వారానికోసారి బిగించాలి.

పైన కప్పు తప్పనిసరి. వాన పడకూడదు, ఎండ తగలకూడదు, గాలి మాత్రం ఆడాలి. రేకుల షెడ్డుకు నాలుగు గోడలు కట్టి తలుపు వేస్తే లోపల బూజు పడుతుంది. పక్కలు తెరిచి ఉంచి, మార్చి నుంచి జూన్ దాకా పడమటి వైపు గోనెపట్టాలు కట్టండి. వడగాలి నేరుగా తాకదు. వానలు పడ్డాక తీసేయండి. ఆరబెట్టడంలో మనిషి చేతిలో ఉన్నది గాలి వేగాన్ని అదుపు చేయడమే. ఇక కింద చెదల మందు వాడండి. చుట్టూ పొట్టు, పాత చెక్కముక్కలు లేకుండా చూడండి.

ఎన్నాళ్లు? అంగుళం పలకకు కొన్ని నెలలు పడుతుంది. మందం రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు, మూడు రెట్లూ నాలుగు రెట్లూ అవుతుంది. లోపలి నీళ్లు బయటి దాకా నడిచి రావాలి కదా. రెండంగుళాల గట్టి పలకకు మన వాతావరణంలో ఒక వాన, ఒక చలి, ఒక ఎండ గడవనివ్వండి.

ఆరిందో లేదో చెయ్యి పెట్టి చూసి చెప్పడం కుదరదు. తూకమే సాక్షి. కొస నుంచి అడుగు లోపలికి వచ్చి అంగుళం మందాన ఒక ముక్క అడ్డంగా కోసుకోండి. వెంటనే తూచండి. తర్వాత ఓవెన్‌లో 103 డిగ్రీల వేడి దగ్గర బరువు ఇక తగ్గనంతవరకు ఉంచి మళ్లీ తూచండి. మొదట 500 గ్రాములు ఉండి, చివరికి 400 అయిందనుకోండి. పోయిన 100 గ్రాములను ఎండు బరువు 400తో భాగిస్తే 25 శాతం. ఆ పలకలో తేమ అంతన్నమాట. ఈ లెక్క పెద్ద పలకకూ పనికొస్తుంది. ఏడడుగుల పచ్చి వేప పలక 68 కిలోలు తూగి, ముక్క పరీక్షలో తేమ 70 శాతం తేలితే దాని ఎండు బరువు 40 కిలోలు, నీళ్లు 28 కిలోలు. అది 12 శాతానికి దిగాలంటే 23 కిలోల నీళ్లు బయటికి పోవాలి. తూకం 45 కిలోల దగ్గరికి వచ్చిన రోజున పలక పనికి సిద్ధం. ఒక బిందెడు నీళ్లకన్నా ఎక్కువే ఆ పలకలోంచి నిశ్శబ్దంగా వెళ్లిపోవాలి. అందుకే తొందరపెట్టకూడదని చెప్పడం. తేమ మీటరు ఉంటే పని ఇంకా తేలిక. కానీ ముఖం మీద గుచ్చి చూస్తే ఆరిన పైపొర లెక్కే చెబుతుంది. అడ్డంగా కోసి నడుమ కూడా గుచ్చి చూడాలి.

తలుపుకు, కిటికీకి, సామానుకు ఎక్కడ ఎంత తేమ ఉండవచ్చో ఐఎస్ 287 అనే ప్రమాణం చెబుతుంది. గాలిలో తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించి ఒక్కో మండలానికి ఒక్కో హద్దు పెట్టారు. అందులో పెద్ద అర్థం ఉంది. కర్ర ఏ ఊళ్లో ఉండబోతోందో ఆ ఊరి గాలికి తగ్గట్టు ఆరాలి. 2024 జనవరిలో ప్రతిష్ఠ జరిగిన అయోధ్య రామాలయానికి తలుపులు మన హైదరాబాద్‌లోని అనురాధా టింబర్స్ వారు బల్లార్షా టేకుతో చేసి ఇచ్చారు. దక్కను పొడిగాలి నుంచి సరయూ తీరానికి వెళ్లే కర్రకూ, ఇబ్రహీంపట్నంలోనే ఏసీ గదిలో ఉండబోయే బల్లకూ ఒకే తేమ సరిపోదు. ఇంట్లో ఏసీ ఉంటే పలకను ఇంకా కిందికి, 8 నుంచి 10 శాతం మధ్యకు తేవాలి. అది ఆరుబయటి గాలికి ఏడాది పొడవునా నిలబడే లెక్క కాదు. షెడ్డులో ఆరిన పలకను చివరి రెండు మూడు వారాలు ఇంటి లోపలే బద్దల మీద ఉంచి, అప్పుడు చిత్రిక పట్టండి. పెద్ద ఎత్తున చేసేవారికి కిల్న్ ఉంది. ఆవిరితో తేమను, వేడిని అదుపు చేస్తూ ఆరబెట్టే గది అది. కానీ పచ్చి మొండి కర్రను నేరుగా కిల్న్‌లోకి పంపడం దండగ. ముందు నీడలో 20, 25 శాతానికి తెచ్చి తర్వాత పంపితే కర్ర నిలుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది.

మన పెద్దలకు ఈ శాస్త్రం మీటర్లు లేకుండానే తెలుసు. బండి చక్రాలకు, నాగళ్లకు వాడే తుమ్మ మొద్దులను చెరువులోనో బావిలోనో నెలల తరబడి ముంచి ఉంచేవారు. కర్రలోని పిండిపదార్థం నీళ్లలో కరిగిపోయి పురుగు బాధ తగ్గుతుంది. నీళ్లలోంచి తీశాక మాత్రం నీడలో ఆరబెట్టాల్సిందే, నానబెట్టడమే ఆరబెట్టడం కాదు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేస్తారు. ఒకే మొద్దులోంచి తొలిచే ఏకాండి వీణ కూడా అక్కడి పనే. అలా తొలిచిన కర్ర కొంచెం కదిలినా మెట్ల వరస తప్పి స్వరం పోతుంది. కర్ర నిలకడ అక్కడ సంగీతానికే ప్రాణం.

పలక ఎంత బాగా ఆరినా కర్ర కదలడం మానదు. ఇది మరిచిపోకూడదు. మూడడుగుల మాట ఎందుకు, రెండడుగుల వెడల్పు టేకు పలకే వానకాలం 12 శాతానికీ, ఎండాకాలం 8 శాతానికీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల పైన పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. దాన్ని నాలుగు వైపులా మేకులతో, జిగురుతో ఇనుప చట్రానికి బిగించేస్తే ఎటూ కదలలేక చీలుతుంది. బల్ల పలకను చట్రానికి బిగించేటప్పుడు అడ్డంగా పొడుగు రంధ్రాలు చేసి మర బిగించండి. పాత ఇళ్ల తలుపుల్లో చట్రానికి గాడి చేసి, పలకను అందులో వదులుగా కూర్చేవారు. వందేళ్లు దాటినా అవి చీలకపోవడానికి కారణం అదే. పాలిష్ పట్టేటప్పుడు పై ముఖానికి ఎన్ని పూతలు వేశారో అడుగు ముఖానికీ అన్నే వేయండి. ఒక ముఖం మూసి, ఒక ముఖం తెరిచి ఉంచితే తేమ ఒక వైపు నుంచే రాకపోకలు సాగిస్తుంది, బల్ల వంగుతుంది. చిత్రిక పట్టేటప్పుడూ రెండు ముఖాల నుంచీ సమంగా తీయండి.

మరో మాట. ఇంటి ముందు చెట్టయినా కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి ఉండాలి. కొన్ని రకాలకు మినహాయింపు ఉంది, అటవీ అధికారులను అడిగి తెలుసుకోండి. బతికి ఉన్న చెట్టు కన్నా విలువైన పలక లేదు. తప్పనిసరై ఒరిగిన చెట్టు గురించే నేను చెప్పేదంతా.

చివరగా ముగ్గురికి విన్నపం. బల్ల చేయించుకునేవారికి: పలక ఎప్పుడు కోశారో, ఎంత తేమ ఉందో అడగండి, ఆరలేదని తేలితే ఏడాది ఆగండి, ఆ ఏడాది నిలవకు న్యాయమైన ధర ఇవ్వండి. వడ్రంగి అన్నలకు: పచ్చి కర్రతో పని ఒప్పుకోకండి, మీ పనితనం మీద నింద వచ్చేది అక్కడే. మండలంలో పెత్తనం ఉన్నవారికి: ఇబ్రహీంపట్నం లాంటి ప్రతి మండల కేంద్రంలో చిన్న వడ్రంగులందరూ వాడుకునేలా ఒక ఉమ్మడి ఆరబెట్టే షెడ్డు కట్టించండి. సమతలమైన దిమ్మెలు, రేకుల కప్పు, ఒక తూకం, ఒక తేమ మీటరు చాలు. ఒరిగిన చెట్లలో ఎన్నో పొయ్యి పాలు కాకుండా బల్లలుగా, తలుపులుగా ఊళ్లోనే నిలుస్తాయి.